రాక్షసగుళ్ల దగ్గర అవ్వ అడిగిన ప్రశ్న

(ఆదివాసీ యువత శిబిరంలో మాట్లాడిన మాటలకు ఇది రాతరూపం. చదివేవాళ్ల కోసం అక్కడక్కడ సరిచేశాను. మాట్లాడిన తీరు అట్లనే ఉంచాను.)



ప్రాచీన చరిత్ర అనంగనే మీలో సగం మంది చెయ్యి ఫోను మీదికి పోతదని నాకు తెలుసు. తప్పు పట్టను. నేనూ అట్లనే ఉండేవాణ్ణి. పదో తరగతిలో చరిత్ర అంటే నాకు సంవత్సరాల పట్టిక. ఎవరు ఎప్పుడు గద్దెనెక్కిండు, ఎవరు ఎవర్ని ఓడగొట్టిండు. పరీక్ష రాసి బయటికొచ్చిన రోజే అంతా మర్చిపోయిన. ఆ పుస్తకంలో మా ఊరు లేదు, మా అడవి లేదు, మా అసుంటోళ్లు ఒక్కరూ లేరు. లేనిదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎవరివల్ల అయితది చెప్పండి.

నా మనసు మారింది ఒక పొద్దటిపూట. ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డ.

మా దిక్కు గోదావరి ఒడ్డు పొంటి అడవిలో పెద్ద పెద్ద రాతి గూళ్లు ఉంటాయి. నాలుగు దిక్కులా నిలువు బండలు, పైన ఒకటే పెద్ద బండ కప్పు. కొన్నిటి లోపల రాతి తొట్టి కూడా ఉంటది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో దామరవాయి దగ్గర ఉన్నాయి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలో జానంపేట దగ్గర ఉన్నాయి. చూడనోళ్లు ఒకసారి పోయి చూడండి. చదువుకున్నోళ్లు డోల్మెన్లు అంటారు. ఊళ్లల్ల రాక్షసగుళ్లు అంటారు.

చిన్నప్పుడు పశువులు కాయను పోయినప్పుడు ఎండ తట్టుకోలేక వాటి నీడకే కూసునేటోళ్లం. భయం లేకుండా మాత్రం కాదు. రాక్షసులు కట్టిన్రు అన్నరు కద.

ఒకసారి యూనివర్సిటీ నుంచి ఒక సార్‌ను పిలిపించినం. చరిత్ర, పురావస్తు శాస్త్రం రెండూ తెలిసినాయన. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. మొదటిరోజు బడి హాల్లో కూసోబెట్టి మాట్లాడించినం. గంటన్నర మాట్లాడిండు. సగం ఇంగ్లీషు, సగం పుస్తకాల తెలుగు. పిల్లలు నిద్రపోయిన్రు. నేనూ తూగిన. అయిపోయినాక "ఏమన్నా ప్రశ్నలు ఉన్నాయా?" అని అడిగిండు. ఎవ్వరూ నోరు తెరవలే. చప్పట్లు కొట్టినం, చాయ్ తాగినం. గట్లనే పంపించేస్తే ఆ ముచ్చట అక్కడికి అయిపోతుండె.

తెల్లారి ఆయనే అడిగి గుళ్ల దగ్గరికి వచ్చిండు. మాతో మా ఊరి ముసలవ్వ కూడా వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు, ఇప్పపువ్వు ఏరుకునేందుకు అటు దిక్కే పోతుంది, కలిసింది. సార్ రాళ్లను చూపించుకుంట చెప్తుంటే అవ్వ మధ్యలో ఆపి అడిగింది.

"సారూ, ఇందుల పండుకున్నది ఆడమనిషా, మొగోడా?"

సార్ ఒక్క నిమిషం ఆగిండు. తర్వాత అన్నడు: "నాకు తెల్వదు అవ్వా. కానీ తెలుసుకునే దారి ఉంది."

మిత్రులారా, నాకు చరిత్ర అప్పుడు మొదలైంది. "తెల్వదు, కానీ దారి ఉంది" అన్నడు చూడండి, గంటన్నర ఉపన్యాసంలో ఆ మాట రాలేదు. అవ్వ అడిగితే వచ్చింది.

ఆయన చెప్పిన దారి ఇది. నడుము కింది ఎముక దొరికితే ఆడా మగా చెప్పొచ్చు. పన్ను దొరికితే వయసు చెప్పొచ్చు. ఇంకా విచిత్రం ఏందంటే, చిన్నప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి నుంచి వచ్చే స్ట్రాన్షియం అనే మూలకం పంటి పై పెంకులో నిలిచిపోతదట. దాన్ని లెక్కగట్టి, ఈ మనిషి ఇక్కడనే పెరిగిండా, వేరే నేల నుంచి వచ్చిండా అని అంచనా వెయ్యొచ్చట. బొగ్గు దొరికితే కాలం చెప్పొచ్చు. కానీ మన వానలకు, మన మట్టికి ఎముక చాలాసార్లు కరిగిపోతది. మిగిలేది కుండపెంకు, ఇనుప ముక్క.

కుండపెంకు అన్నప్పుడు అవ్వకు హుషారు వచ్చింది. ఈ రకం సమాధుల్లో లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండే కుండలు దొరుకుతాయి. అదెట్ల అయితది అని అడిగింది. సార్ చెప్పిండు, కుండను బోర్లించి కాలుస్తే లోపలికి గాలి ఆడదు, అందుకని లోపల నలుపు తిరుగుతది, బయట గాలి తగిలిన దిక్కు ఎరుపెక్కుతది, ఎక్కువ మంది పండితులు చెప్పేది ఇదేనని. అవ్వ నమ్మలే. "బోర్లిస్తే మూతి కాడ కూడ నల్లగనే ఉండాలె కద?" అన్నది. సార్ నవ్వి, "అవును, మూతి బయటి అంచు కూడా నల్లగనే ఉంటది" అని ఫోనులో ఫోటో చూపిచ్చిండు. అప్పుడు ఒప్పుకున్నది.

నేను ఇది ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్ననంటే, మనకు నేర్పిన పద్ధతి వేరే. నిపుణుడు చెప్తడు, మనం వింటం. ఇక్కడ అవ్వ విని ఊరుకోలే. నీకెట్ల తెలుసు అని అడిగింది. నిజమైన పండితుడైతే ఆ ప్రశ్నకు కోపం చెయ్యడు, ముఖం వెలిగిపోతది. కోపం చేసేటోని దగ్గర మనకు పనిలేదు.

ఇంకో సగం వినండి. సార్ అవ్వను అడిగిండు. "మీరు చనిపోయినోళ్లకు రాయి నిలబెట్టేటోళ్లా?"

అవ్వ చెప్పింది. వాళ్ల తాతల కాలంలో పెద్దమనిషి పోతే రాయి నిలబెట్టేది, ఎద్దును కోసి ఆ తోకను రాయికి కట్టేది. ఎవరు మోసేది, బంధువుల్లో ఎవరు ఏం తేవాలె, ఏ రోజు చెయ్యాలె, మేనమామ వరస వాళ్ల పని ఏంది, అన్నీ వరసగా చెప్పింది. సార్ నోట్సు తీసి రాస్తనే ఉన్నడు. రాక్షసగుళ్ల ముచ్చట పక్కకు పోయింది. ఇప్పుడు ఎవరు నిపుణులో నాకు సమజ్ కాలే.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. కోయలు రాళ్లు నిలబెట్టి ఎద్దుతోక కట్టే ఆచారాన్ని నూరేళ్ల కిందనే థర్‌స్టన్ తన పుస్తకాల్లో రాసిండు. బస్తర్ మాడియా గోండుల స్మారక శిలల గురించి వెరియర్ ఎల్విన్ 1940లలో రాసిండు. శ్రీకాకుళం, ఒడిశా కొండల్లో సవరలు గువార్ అనే కర్మలో చనిపోయినోళ్ల పేర రాళ్లు పాతుతారు. అంటే, పురావస్తు శాఖ వాళ్లు తవ్వి చూసే అలవాటు మన మధ్యలో నిన్నమొన్నటి దాకా బతికే ఉంది. రాయిని ఎంతమంది లాగుతారు, ఎందుకు లాగుతారు, లాగినోళ్లకు తిండి ఎవరు పెడతారు అన్నది తవ్వకంలో దొరకదు. మనుషుల దగ్గర దొరుకుతది.

అయితే ఇక్కడనే ఒక గొయ్యి ఉంది, అందులో పడకండి. మా తమ్ముడు ఒకతను వెంటనే లేచి, "అంటే ఈ గుళ్లు కట్టినోళ్లు మేమే కద సార్?" అన్నడు. మాకందరికీ అదే వినాలని ఉంది. సార్ అవును అంటే చప్పట్లు కొట్టేటోళ్లం.

ఆయన అనలే. "ఆచారం కలిసింది. మనిషి కలిసిండని ఆచారం ఒక్కటే చెప్పలేదు" అన్నడు. ఈ గుళ్లు ఇనుపయుగానివి, సుమారు 2,000 నుంచి 3,000 ఏళ్ల కిందటి సంగతి. అంత కాలంలో జనం కదిలిన్రు, కలిసిన్రు, విడిపోయిన్రు. రాయి నిలబెట్టడం ప్రపంచంలో ఇంకా చాలా చోట్ల ఉంది. కావొచ్చు, కాకపోవొచ్చు. తేల్చాలంటే ఇంకా రుజువు కావాలె.

మా తమ్ముడు అలిగిండు. నాకు కూడా కొంచెం మనసు కలుక్కుమన్నది, అబద్ధం చెప్పను. కానీ తర్వాత ఆలోచిస్తే, కాదు అన్న ఆ మనిషి మీదనే నాకు నమ్మకం పెరిగింది. ఎందుకో చెప్తా.

నిపుణులు తప్పు చెయ్యరని కాదు. మనందరం గౌరవించే హైమెండార్ఫ్‌నే తీసుకోండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైనాక, ఈ గోండులకు కడుపుమంట ఎందుకు అని నిజాం సర్కారు తెలుసుకోవాలనుకున్నది. హైమెండార్ఫ్ వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నడు, గోండీ నేర్చుకున్నడు, ప్రధాన్ల కథలు విన్నడు, గోండీలో చదువు చెప్పే టీచర్ల శిక్షణ మొదలుపెట్టిచ్చిండు. భూమి పట్టాల కోసం రిపోర్టులు రాసిండు. ఇవాళ్టికీ మార్లవాయిలో ఆయనకు దండం పెడతరు. అదే హైమెండార్ఫ్ 1950లలో ఒక వాదం పెట్టిండు: ద్రావిడ భాషలు మాట్లాడేటోళ్లు ఇనుముతో, ఈ పెద్దరాళ్ల సమాధులతో కలిసి సుమారు 2,500 ఏళ్ల కింద దక్షిణానికి వచ్చిన్రు అని. ఇవాళ భాషా శాస్త్రవేత్తలు ఆ మాట ఒప్పుకోరు. ద్రావిడ భాషలు అంతకంటే చాలా ముందు నుంచే ఇక్కడ ఉన్నయంటరు. అంత పెద్దాయన, అంత మంచాయన, తప్పు చెప్పిండు. దానితోని ఆయన చేసిన పని పాడు కాదు. కానీ మంచోడు చెప్పిండు కాబట్టి నిజం అనుకోవద్దు, మనకు ఇష్టమైనది చెప్పిండు కాబట్టి అసలే అనుకోవద్దు.

వాట్సాప్‌లో మీకు కూడా వస్తుంటాయి కద, "సింధు లిపి గోండీయే, చదివేసిన్రు" అని. మంచి ఫోటోలు, పెద్ద అక్షరాలు. ఇరావతం మహదేవన్ అని ఒకాయన సింధు ముద్రల మీది గుర్తులన్నిటికీ పెద్ద సూచిక తయారుచేసి 1977లో అచ్చువేయించిండు. ఆ తర్వాత కూడా బతికినన్ని రోజులు దాని మీదనే పనిచేసిండు. ఆయన కూడా మొత్తం చదివేసిన అనలే. ఆ లిపిని ఇప్పటిదాకా అందరూ ఒప్పుకునేటట్టు ఎవ్వరూ చదవలే. అట్లాంటప్పుడు మనం ఫార్వర్డ్ చేసేది ఏంది? రేపు ఎవడో అది తప్పని చూపిస్తే, మన నిజమైన మాట కూడా వాడు నమ్మడు.

నిజమైన మాటలు తక్కువ ఏం లేవు. గుంజాల సంగతి చూడండి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో చేతిరాతలు ఉన్నయని 2006 ప్రాంతంలో జయధీర్ తిరుమలరావు బృందం బయటి లోకానికి చెప్పింది. ఆ రాతలు ఊరోళ్ల ఇండ్లల్ల ఉన్నయి. చదవగలిగిన పెద్దలు ఊళ్లెనే ఉన్నరు. యూనివర్సిటీ వాళ్లు వచ్చి అడిగిన్రు, పెద్దలు చదివి వినిపిచ్చిన్రు, అక్షరాల పట్టిక తయారైంది, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఊరి పెద్ద ఒక్కడే ఉంటే ఇది ఫోనులోకి రాదు. ప్రొఫెసర్ ఒక్కడే ఉంటే చదవడమే రాదు. సింధు లిపి మనదా కాదా అని కొట్లాడేటోళ్లలో ఈ గుంజాల అక్షరాలు నేర్చుకున్నోళ్లు ఎంతమంది అని నేను అడిగితే కొంతమందికి కోపమొస్తది. రానీయండి.

భాష ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "మీది భాష కాదు, యాస" అని బడిలో మనలో ఎంతమందికి చెప్పలేదు? భద్రిరాజు కృష్ణమూర్తి అని తెలుగు వాళ్లల్లోనే పెద్ద భాషా శాస్త్రవేత్త. ఆయన అరకు కొండలకు పోయి కొండదొరలతో కూర్చొని, వాళ్ల కూబి మాటలు ఒక్కొక్కటి అడిగి రాసుకొని 1969లో పుస్తకం వేసిండు. ఆయన తేల్చింది ఏందంటే, తెలుగు, గోండీ, కొండ, కువి, కుయి ఒకే కొమ్మకు చెందిన అక్కచెల్లెళ్లు. ఒకటి ఇంకొకదాని యాస కాదు. ఇంకా చెప్తా. పాత తెలుగులో బండి ఱ అని ఒక ధ్వని ఉండేది. శాసనాల్లో కనబడుతది. మన నోట్లో అది ఎన్నడో మామూలు ర లో కలిసిపోయింది, అచ్చులో కూడా ఇప్పుడు ఎవరూ వాడరు. కొండదొరల నోట్లో మాత్రం ఆ తేడా బతికే ఉంది. తెలుగు పండితుడు తెలుగు పాత ధ్వనిని వినాలంటే కొండ ఎక్కాలన్నమాట. తెలుగులో ఏరు అంటే పారే వాగు. గోండీలో, కోయలో ఏర్ అంటే నీళ్లు. ఈ ఒక్క ముక్క చెప్తే మా బడి పిల్లలు గంటసేపు మాటలు పోల్చుకుంట కూసున్నరు. ఎవ్వడూ తూగలే.

అశోకుని సంగతి కూడా నేను ఒక మేడమ్‌ను అడిగే తెలుసుకున్న. పుస్తకంలో ఏం చదివినం? కళింగ యుద్ధం, పశ్చాత్తాపం, శాంతి. లక్ష మంది చచ్చిన్రు, లక్షన్నర మందిని తరలించుకపోయిన్రు అని అశోకుడే 13వ శాసనంలో చెప్పుకున్నడు. అదే శాసనంలో అడవిలో ఉండేటోళ్లకు కూడా ఒక మాట ఉంది, అది మన పుస్తకంలో లేదు. పశ్చాత్తాపపడుతున్న రాజుకు ఇంకా బలం ఉంది, మీరు దారికి రండి, లేకపోతే చావు తప్పదు అన్న అర్థం వచ్చే హెచ్చరిక. శాంతి చెప్పే రాయి మీదనే బెదిరింపు. ఇంకొకటి, కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ రాళ్ల మీద ఈ 13వ శాసనం చెక్కించలేదు. ఎక్కడ జనం చచ్చిన్రో అక్కడ ఆ పశ్చాత్తాపం రాయలేదు. పాత కర్నూలు జిల్లా ఎర్రగుడిలో మాత్రం ఉంది. నేను ఆ మేడమ్‌ను "మీరు ఇన్నేళ్లు పాఠం చెప్పిన్రు కద, ఈ అడవోళ్ల ముక్క పిల్లలకు చెప్పేటోళ్లా?" అని అడిగిన. "ఎవరూ అడగలేదు" అన్నది. ఆమె మీద నింద కాదు ఇది. అడిగేటోడు తరగతిలో లేడు.

దాని తర్వాత ఆమె తవ్వి తవ్వి చెప్పింది. అర్థశాస్త్రంలో ఏనుగుల అడవి అని వేరే ఉంటది, అందులో ఏనుగును చంపినోనికి మరణశిక్ష. ఎందుకంటే ఏనుగు రాజు సైన్యం. అడవి జనంతో కట్టిన పటాలాలు కూడా అందులో ఉన్నయి. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు అలహాబాద్ స్తంభం మీద అడవి రాజులందరినీ తన సేవకులను చేసుకున్న అని గొప్పగా రాయించుకున్నడు. సేవకులను చేసుకున్న అని రాయించుకోవాలంటే, అంతకుముందు వాళ్లు ఎవరికీ సేవకులు కానట్టే కద. పుస్తకంలో మనం లేము అని నేను అనుకున్న. ఉన్నం. ఎదుటోని నోట్లో, వాని బెదిరింపులో ఉన్నం.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తా. మీలో చాలామంది అటవీ హక్కుల దరఖాస్తులతో తిరుగుతున్నోళ్లు. మా ఊళ్లో కూడా ఒక ఆఫీసులో మా కాగితాలు వెనక్కి కొట్టిన్రు. "రుజువు ఏది?" అన్నరు. మా తమ్ముడు అందుకే రాక్షసగుళ్ల మీద అంత పట్టుపట్టిండు. "మూడువేల ఏళ్ల నుంచి ఇక్కడ ఉన్నం అని ఆ రాళ్లనే రుజువు పెడదాం" అని వాని ఆలోచన.

సార్, మా వకీలు అక్క, ఊరి పెద్దలు అందరినీ ఒక్కచోట కూసోబెట్టినం. అప్పుడు తెలిసింది. చట్టం మనల్ని మూడువేల ఏళ్లు అడగడం లేదు. షెడ్యూల్డ్ తెగల వాళ్లు 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ అడవిలో ఉంటున్నట్టు, దాని మీద బతుకుతున్నట్టు చూపిస్తే చాలు. 2008 జనవరి 1 నుంచి అమలైన నిబంధనల్లో 13వది చదవండి, ఇంటికి పోయి తప్పక చదవండి. ఏవి రుజువులో అందులో ఉంది. ఇల్లు, గుడిసె, గట్టు, చెక్‌డ్యాం రుజువే. బావులు, బొందలగడ్డ, దేవుని జాగాలు, అంటే పాతకాలం నుంచి ఉన్నయని చూపించే కట్టడాలు, రుజువే. వంశవృక్షం రుజువే. దరఖాస్తు పెట్టిన మనిషి కాకుండా వేరే పెద్దమనిషి చెప్పిన మాటను కాగితం మీద పెడితే అది కూడా రుజువే. పేరున్న సంస్థలు మన ఆచారాల మీద చేసిన అధ్యయనాలూ లెక్కలోకి వస్తాయి. వీటిలో ఒకటి కంటే ఎక్కువ ఉండాలె.

అంటే అవ్వ చెప్పిన రాయి ముచ్చట, ఎద్దుతోక ముచ్చట, సార్ నోట్సులో రాసుకున్నది, అదే మా రుజువు. రాక్షసగుళ్లు కాదు. వాటి అవతల ఉన్న మా బొందలగడ్డ. అక్కడ ఏ రాయి ఎవరిది అని అవ్వ తొమ్మిది రాళ్లకు పేర్లు చెప్పింది. ఆ పేర్లలో రెండు పాత కాగితాల్లో దొరికినయి. మూడువేల ఏళ్ల రాయిని పెట్టి ఉంటే, మీ తాతే కట్టిండని ఏం నమ్మకం అని ఒక్క ప్రశ్నతో కొట్టేసేటోళ్లు. సార్ ఆ రోజు కాదు అనడం మమ్మల్ని కాపాడింది.

ఇంకో ముచ్చట ఉంది, ఇది మనలో మనకు కష్టంగా ఉంటది. ముందు వచ్చినోళ్లం కాబట్టి హక్కు మాది అని మనం ఉపన్యాసాల్లో అంటుంటం. నేనూ అన్న. మరి ఛత్తీస్‌గఢ్ నుంచి బతుకు కోసం వచ్చిన గుత్తికోయ అన్నదమ్ములను ఏం చేస్తరు? అదే మాటతో వాళ్ల గుడిసెలు పీకుతున్నరు కద. ఎముకల డీఎన్‌ఏ చదివేటోళ్లను అడిగితే ఇంకా పెద్ద జవాబు చెప్తరు: ఈ దేశంలో ఉన్నోళ్లందరి పెద్దలూ ఎప్పుడో ఆఫ్రికా నుంచి బయలుదేరినోళ్లే, దాదాపు అందరిలోనూ ఒకటి కంటే ఎక్కువ పాత జనాల కలయిక ఉంది. మనలో మొట్టమొదట ఇక్కడ అడుగుపెట్టినోళ్ల పాలు ఎక్కువ ఉంది, నిజమే. కానీ స్వచ్ఛం అన్నోడు ఎవ్వడూ లేడు. నాకు ఈ జవాబు మొదట మింగుడు పడలే. ఇప్పుడు నేను ముందు వచ్చినం అని అనడం తగ్గించిన. ఇక్కడ బతికినం, ఈ అడవిని కాసినం, మా చచ్చినోళ్లు ఇక్కడ ఉన్నరు అని అంట. దీన్ని నేను రుజువు చెయ్యగలుగుత.

మీ ఊరికి కూడా నిపుణులను పిలవండి. కానీ హాల్లో కూసోబెట్టకండి. రాయి దగ్గరికి, చేను దగ్గరికి తీస్కపోండి. స్టేజీ, శాలువా, పూలదండ బంద్ పెట్టండి. దండ వేసినంక మనిషిని ప్రశ్న అడగబుద్ధి కాదు. ముందురోజే పిల్లలతో, ముసలోళ్లతో ప్రశ్నలు రాయించండి. మా ఊళ్లో పిల్లలు రాసినవి చూసి సార్ బిత్తరపోయిండు. "బండ పైకి ఎట్ల ఎక్కిచ్చిన్రు?", "వాళ్లకు కుక్కలు ఉండేటియా?", "వానాకాలం చచ్చిపోతే ఏం చేసేటోళ్లు?" మూడోదానికి ఇప్పటిదాకా జవాబు లేదు. ఆయన ఏదైనా చెప్తే ఎట్ల తెలుసు అని తప్పక అడగండి. ఆయన మన దగ్గర రాసుకపోయినదాని నకలు ఒకటి గ్రామసభకు ఇవ్వమనండి. ఇది అడగడానికి మొగమాటపడకండి. మన ముచ్చట్లు రాసుకపోయి పుస్తకాలు వేసినోళ్లు మస్తు మంది, ఆ పుస్తకం ఊరికి తెచ్చి ఇచ్చినోళ్లు తక్కువ.

పిల్లలను కట్టిపడేసేది ఏందో ఒక్క ఉదాహరణ చెప్పి ముగిస్తా. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది. మన ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఆ పేరుతో అక్కడొకటి. అక్కడ పెద్ద బూడిద గుట్ట. దక్కన్‌లో ఇట్లాంటివి చాలా ఉన్నయి. హంపి దగ్గర ఒకదాన్ని వాలిని కాల్చిన బూడిద అంటరు. 1957లో ఆల్చిన్ అనే ఆయన ఉట్నూరు గుట్టను తవ్విండు. అది రాక్షసుని బూడిద కాదు, వాలి బూడిద కాదు. పశువుల పేడ. గుంజలు పాతి దొడ్డి కట్టి, పశువులను అందులో ఉంచి, పోగైన పేడను మళ్లీ మళ్లీ కాల్చిన్రు. ఎందుకు కాల్చిన్రో అని ఆయన పశువుల కాపరుల పండుగల మంటలను కూడా పరిశీలించిండు. ఆ బూడిదలో పశువుల గిట్టల ముద్రలు దొరికినయి. 4,000 ఏళ్ల పైమాట. ఒక ఆవు నడిచిపోయిన అచ్చు.

ఇది చెప్పినప్పుడు పశువులు కాసే పిల్లగాడు ఒకడు అడిగిండు: "ముద్ర దూడదా, పెద్దావుదా? దూడది అయితే ఏ నెలలో కాల్చిన్రో చెప్పొచ్చు కద, మా కాడ దూడలు ఎప్పుడు పుడతయో నాకు తెలుసు." నేను ఆ ప్రశ్నను అట్లనే రాసి సార్‌కు పంపిన. తవ్వకాల్లో పశువుల పళ్లను చూసి వయసు, కాలం లెక్కగట్టే పద్ధతి నిజంగానే ఉందట. ఆ పిల్లగానికి ఫోను చేసి అరగంట మాట్లాడిండు.

వానలు తగ్గినాక మళ్లీ గుళ్ల దగ్గరికి పోతున్నం. ఈలోపల గుప్తనిధుల పేరు చెప్పి రాత్రిపూట తవ్వేటోళ్లను ఊరోళ్లే ఆపాలె. అక్కడ బంగారం లేదు. ఒక్క గడ్డపార పెడితే మట్టి పొరలు కలిసిపోతయి, తర్వాత ఎంత పెద్ద పండితుడు వచ్చినా కాలం చెప్పలేడు. మీరూ తవ్వకండి. ఫోటో తీయండి, పక్కన కొలతకు ఒక కర్ర పెట్టి తీయండి, ఏ ఊరు, ఏ దిక్కు అని రాసుకోండి.

అవ్వకు ఈ సంగతి చెప్పి, నువ్వూ రావాలె అన్న. వస్తా అన్నది. బోర్లించిన కుండ ముచ్చట ఆమె ఇంకా మర్చిపోలే. "ఆ సారును వచ్చేటప్పుడు కుండలు చేసేటాయన్ని కూడ తోలుకరమ్మను. కాల్చి చూద్దాం" అన్నది.